కన్ను దూకిన చోటు

కంబదూరు,
14-2-1965.

చిరంజీవి సౌభాగ్యవతి నాగలక్ష్మికి,

వదిన రామలక్ష్మమ్మ దీవించి రాసేది. మీ అన్న పోయి ఆరేళ్లయినా ఆడబిడ్డ ఉత్తరం ఈ ఇంటికి నెల తప్పకుండా వస్తూనే ఉంది. ఆ నరసింహస్వామి నిన్ను చల్లగా చూడాలి.

నువ్వు హైస్కూలు దాకా చదివినదానివి. ఒక సంగతి అడుగుతాను, నవ్వకుండా చెప్పు. పోయిన సోమవారం నేనూ పక్కింటి సుంకమ్మా బట్టలు తెచ్చుకుందామని బస్సులో అనంతపురం పోయాము. కళ్యాణదుర్గం దాటాక ఒక లారీ మా బస్సు పక్కనే వచ్చి, మెల్లగా మమ్మల్ని దాటుతూ ఉంది. దాని పలకల మీద పెద్ద అక్షరాలతో ‘వేరుశనగ నూనె మిల్లు’ అని, తరువాత ఊరి పేరూ రాసి ఉన్నాయి. సుంకమ్మ అదంతా చదివింది. అర మైలు పోయాక గొర్రెల మంద అడ్డం వచ్చి రెండు బండ్లూ నిలబడిపోయాయి. అదే లారీ, అవే అక్షరాలు, చేయి చాస్తే అందేంత దగ్గర. సుంకమ్మకు ఒక్క అక్షరమూ కనబడలేదు! ఏ అక్షరం మీద చూపు పెడితే ఆ అక్షరం మాయమైపోయింది. మంద తొలగి లారీ కదలగానే మళ్లీ చదివింది.

పారేది కనబడి, నిలిచింది కనబడకపోవడం ఎక్కడైనా ఉందా? ఏ పుస్తకంలోనైనా చదివావా?

ఇక్కడ బావుల్లో నీళ్లు అప్పుడే అడుగు పట్టాయి. ముంగారు వానలు ఈసారీ మొహం చాటేస్తే ఆషాఢంలో ఆంజనేయస్వామి గుడిలో తొమ్మిది రోజుల వాన పారాయణం పెట్టిస్తామని ఊరి పెద్ద లక్ష్మన్న చెప్పి పోయాడు. పన్నెండేళ్లుగా పురాణం చదివేది నేనే గనుక ఈసారీ నేనేనట.

మీ ఇంటాయన బాలప్పన్నను అడిగినానని చెప్పు.

ఆశీస్సులతో,
రామలక్ష్మమ్మ


ధర్మవరం,
27-2-1965.

వదినకు నాగలక్ష్మి నమస్కరించి రాసుకునేది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నేను నవ్వలేదు. నవ్వింది మా ఇంటాయన. మగ్గం ఆపి, “నిలబడిన లారీ చదవలేని మనిషి పారే లారీని చదివినాదంటనా? మీ వదిన నిన్ను ఆట పట్టిస్తాండాది లే” అన్నారు. నాకు అలా అనిపించలేదు. నువ్వు ఊరికే ఏదీ రాయవు.

అందుకని ఒక పని చేశాను. పాత క్యాలెండరు అట్టలో జానెడు పొడవు సందు కోశాను. కాగితాన్ని పొడుగ్గా కత్తిరించి, అతికించి, దాని మీద ఒకే వరుసలో నాలుగు మాటలు రాశాను. ఆయనను ఎదురుగా కూర్చోబెట్టి, సందు వెనక కాగితాన్ని మెల్లగా లాగుతూ చదవమన్నాను. నేను మాత్రం అట్ట పైనుంచి ఆయన కళ్లనే చూస్తూ ఉన్నాను. పెళ్లయి ముప్పై ఏళ్లకు ఆయన కళ్లలోకి అంతసేపు చూడటం ఇదే మొదలు. “ఏమే, ఎవురన్నా చూస్తే ఏమనుకుంటారు” అన్నారు.

వదినా, ఎంత విచిత్రమో! కంటిపాప అక్షరాన్ని పట్టుకుని దానితో పాటు కాస్త దూరం జారుతుంది. ఆ వెంటనే గబుక్కున వెనక్కి దూకి, కొత్తగా వచ్చే అక్షరాన్ని పట్టుకుంటుంది. జారడం, దూకడం. జారడం, దూకడం. ఆయనకు మాత్రం ఏమీ తెలియడం లేదు. “నా కన్ను కదల్లేదు, నిలిపే చూసినా” అని ఒట్టు పెట్టుకుంటున్నారు. మామూలు పుస్తకం ఇచ్చి చూశాను. అక్కడ జారడం లేదు గాని దూకుడు ఉంది. పిచ్చుక నేల మీద గింజలు ఏరుతూ పోయినట్టు ఒక చోట ఆగి, ఇంకో చోటికి గెంతుతుంది. నలభై ఏళ్లుగా చదువుతున్నాను, నా కళ్లు గెంతుతాయని నాకే తెలియదు.

ఒకటి తెలుసుకోవాలి. లారీ పారుతూ ఉన్నప్పుడు సుంకమ్మ సరిగ్గా ఎక్కడ చూస్తూ ఉందట? అక్షరాల మీదనా, వేరే ఎక్కడైనానా?

ఇంకొక మాట. సుంకమ్మకు వేలిముద్ర తప్ప రాదని నువ్వే ఒకసారి రాశావు. ఈ మధ్య నేర్చుకుందేమో, సంతోషం. నీ ఉత్తరంలో వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. చెప్పాలనిపిస్తే చెప్పు వదినా. లేకపోతే వద్దు.

నీ ఆడబిడ్డ,
నాగలక్ష్మి


కంబదూరు,
9-3-1965.

నాగలక్ష్మికి,

ఉత్తరం అందింది. మగ్గం పని మానేసి మొగుడి కళ్లు చూస్తూ కూర్చున్నావంటే మీ ఇంట్లో తీరిక ఎక్కువైందన్నమాట. వరుసలు ఎక్కింది దీపం సరిగ్గా లేక. నాకేమీ కాలేదు. సుంకమ్మ సంగతి మరిచిపో.

ఎండలు మొదలయ్యాయి. ఇంతకంటే విశేషాలు లేవు.

రామలక్ష్మమ్మ

కంటిపాప వెనక్కి దూకేటప్పుడు ఎంత దూరం దూకుతుంది? ఒక అక్షరమా, ఒక మాటా?


ధర్మవరం,
22-3-1965.

వదినకు నమస్కారాలు.

ఈసారి అక్షరాలు ఇంత పెద్దగా ఉన్నాయేమని అనుకోకు. కలం పాళీ విరిగిపోతే వెదురుపుల్ల చెక్కి రాస్తున్నాను. పేజీకి ఆరు వరుసలే పట్టాయి, కవరు బరువైంది.

ఎంత దూరం దూకుతుందని అడిగావు. బాగా చదవగలిగినవాళ్లకు ఒక మాట దూరం. తడుముకుంటూ చదివేవాళ్లకు రెండు మూడక్షరాలు. మా ఇంటికి నూలు చుట్టడానికి వచ్చే ఆంజినమ్మకు చదువు రాదు. ఆమెను కూడా కూర్చోబెట్టాను. ఆమె కళ్లు కూడా జారి దూకుతాయి గాని ఒక తేడా ఉంది. చదువు వచ్చిన కన్ను మాట అందగానే దాన్ని వదిలేసి తరువాతి దానికి పోతుంది. ఆంజినమ్మ కన్ను ప్రతి అక్షరాన్నీ అట్ట అంచు దాకా సాగనంపి మరీ వెనక్కి వస్తుంది. “చుట్టాన్ని బస్సెక్కించినట్లు చూస్తాండావు కదమ్మా” అని నేనంటే, “యా అక్షరం మంచిదో నాకేం తెలుసమ్మా, అన్నిటికీ మర్యాద చేస్తాండా” అంది. మగ్గం దగ్గర అందరూ నవ్వారు.

నిన్న ఇంకో విశేషం కనిపెట్టాను. సందుకు కాస్త పైన కుంకుమ బొట్టు పెట్టి, ఆ బొట్టునే చూస్తూ ఉండమని ఆయనకు చెప్పాను. అక్షరాల వెంట పోకూడదు. కాగితం మెల్లగా లాగితే, పెద్ద అక్షరాలైతే, బొట్టు మీదనే చూపు ఉంచి చదవగలిగారు! చూపు ఒక చోట, చదువు ఇంకో చోట. పూజలో కూర్చుని పాలు పొంగడం కనిపెట్టినట్టే అనుకో. నాకు అది బాగా అలవాటు, స్వామి క్షమించుగాక.

అంతకంటే నేనేమీ అడగడం లేదు.

నాగలక్ష్మి


కంబదూరు,
6-4-1965.

నా తల్లీ నాగలక్ష్మీ,

నీ కలం పాళీ విరగలేదు. నాకు తెలుసు.

నీ పెద్ద అక్షరాల ఉత్తరాన్ని వాకిట్లో ఎండలో పెట్టుకుని, తల పక్కకు తిప్పి, మూడు రోజులు చదివాను. అంతకు ముందు ఉత్తరానికి వారం పట్టింది. లారీ చదివింది నేనే. అనంతపురం పోయింది బట్టలకు కాదు, కంటి డాక్టరు దగ్గరికి. సుంకమ్మ తోడు వచ్చింది, ఒట్టు వేయించుకున్నాను.

ఎటు చూస్తే అటు నడుమ బొటనవేలి ముద్రంత మసక. మనిషిని చూస్తే మొహం ఉండదు, చెవులూ భుజాలూ ఉంటాయి. పుస్తకం చూస్తే చూసిన మాట ఉండదు. డాక్టరు కంట్లోకి దీపం వేసి చూసి, కన్ను వెనకాల తెర నడుమ చెడిందని చెప్పాడు. అద్దాలతో బాగయ్యేది కాదట. చుట్టూ చూపు మిగులుతుందట, పూర్తిగా గుడ్డిదాన్ని కానట.

నువ్వు అడిగింది సరైన ప్రశ్నే. లారీ కదిలేటప్పుడు నేను అక్షరాలను చూడలేదు. పైన మూటల మీద ఎర్ర తలపాగా కట్టుకుని ఒక మనిషి కూర్చున్నాడు, వాని మొహం తెలుస్తుందేమోనని వానినే చూస్తున్నాను. మొహం తెలియలేదు గాని కింద అక్షరాలు ఒక్కొక్కటే వచ్చి పోయాయి. లారీ నిలిచాక చదవాలనే ఆశతో నేరుగా అక్షరాల మీదనే చూపు పెట్టాను. అన్నీ పోయాయి.

ఇది కాదు నా బాధ. ఎవరికీ చెప్పనిది నీకు చెబుతున్నాను.

పారాయణానికి ఒక నియమం ఉంది, నీకు తెలుసు. నోటికి వచ్చింది చెప్పకూడదు. ప్రతి అక్షరమూ కంటితో చూసి చదవాలి. అక్షరం పోతే వాన పోతుందని మా అత్త, అంటే మీ అమ్మ, నాకు చెప్పి కూర్చోబెట్టింది. పోయిన ఏడు ఆషాఢానికే నాకు పుస్తకం కనబడడం లేదు. చెప్పుకోలేకపోయాను. పన్నెండేళ్లు చదివినది కదా, నోటికి ఉంది. పుటలు తిప్పుతూ తొమ్మిది రోజులూ నోటికే చెప్పాను. తొమ్మిదో నాడు రెండు ఆకులు ఒకటిగా తిరిగాయి. నా వేలికి తెలిసింది. వెనక్కి తిప్పితే దొరికిపోతానని భయం వేసింది. జ్ఞాపకం తడబడి, నడుమ రెండు పుటల కథ వదిలేసి తరువాతి దానికి పోయాను. ఎవరూ కనిపెట్టలేదు. అందరూ చేతులెత్తి మొక్కారు.

ఆ ఏడు వాన రాలేదు. వేరుశనగ విత్తనం భూమిలోనే మాడింది. సుంకమ్మ రెండు ఎద్దులనూ పశువుల సంతకు తోలింది. ఆమె మొహం నాకు కనబడకపోవడమే మేలైంది.

ఇప్పుడు మళ్లీ నన్నే చదవమంటున్నారు. ఏం చేయాలి నాగలక్ష్మీ? లేదంటే ఎందుకని అడుగుతారు. చదువుతానంటే మళ్లీ అబద్ధం.

రామలక్ష్మమ్మ


ధర్మవరం,
18-4-1965.

ప్రియమైన వదినకు,

ఉత్తరం చదివి పూజగదిలో కాసేపు కూర్చున్నాను. నీకు ధైర్యం చెప్పేంత పెద్దదాన్ని కాను. వాన సంగతి ఆ స్వామికే తెలుసు, దాని మీద నేను ఏమన్నా తప్పే అవుతుంది. నాకు తెలిసింది ఒకటే. నీ కన్ను చదవగలదు. లారీ సాక్షి.

అందుకని మాటలు మాని వడ్రంగి ఆదెప్పను పిలిపించాను. పాత సబ్బుల పెట్టెకు ముందు పక్క జానెడు సందు కోసి, లోపల రెండు పక్కలా రెండు కట్టె రూళ్లు పెట్టి, కుడి చేత్తో తిప్పడానికి పిడి బిగించి ఇచ్చాడు. కాగితపు చుట్టను ఒక రూలుకు తగిలించి, కొసను రెండో రూలుకు చుట్టి పిడి తిప్పితే, సందులో అక్షరాలు నీ కుడి నుంచి ఎడమకు పోతాయి. ఆదెప్ప, “ఏమమ్మా, తిరునాళ్లలో బయస్కోపు పెడతాండావా?” అన్నాడు. “అవునప్పా, ఒక్క మనిషికే” అన్నాను.

సందుకు రెండు వేళ్ల పైన చిన్న నరసింహస్వామి పటం అతికించాను. నువ్వు అక్షరాలను చూడకు. స్వామినే చూడు. మసక స్వామి మీద పడుతుంది, కింద అక్షరాలు ఖాళీగా దొరుకుతాయి. స్వామిని అడ్డం పెట్టుకుంటున్నానని నాకు సంకోచంగానే ఉంది. కానీ ఆయన స్తంభంలోనే కూర్చున్నవాడు, సబ్బుల పెట్టె ఆయనకొక లెక్కా?

లోపల ఒక చుట్ట పెట్టాను. అందులో నీకు ఒక ఉత్తరం ఒకే వరుసలో ఉంది. బస్సు కండక్టరు ఓబుళేసు మనకు తెలిసినవాడే, అతని చేత పంపిస్తున్నాను. అందులో ఏముందో ఇక్కడ రాయను. నువ్వే చదువుకోవాలి.

నాగలక్ష్మి


కంబదూరు,
3-5-1965.

నాగలక్ష్మీ,

పెట్టె అందింది. హైస్కూలు చదివినదానివి, ఎంత పని చేశావే!

సుంకమ్మ పిడి తిప్పింది. నేను స్వామిని చూస్తూ కూర్చున్నాను. అక్షరాలు వచ్చాయి. కనబడ్డాయి కూడా.  కానీ ఏ మాటా మాట కావడం లేదు. అక్షరాలన్నీ ఎడమ నుంచి కుడికి, తోక ముందు తల వెనక వస్తున్నాయి. నా కంటికి కొత్త రోగం వచ్చిందని ఏడుపు వచ్చింది. అర గంట తరువాత సుంకమ్మే, “అమ్మా, ఇది నూలు కండె మాదిరి చుట్టినారేమో, మొదలు లోపల పడిండాది” అంది. అప్పుడు తెలిసింది. ముందు రాసింది లోపలికి, చివర రాసింది పైకి. మీ మగ్గాల ఇళ్లల్లో కండె అట్లాగే చుట్టాలి గదా, నీ చేయి అలవాటుగా ఉత్తరాన్ని కూడా అట్లాగే చుట్టింది! చుట్టనంతా విప్పి, పంచలో ఆ మూల నుంచి ఈ మూలకు పరిచి, మేక తొక్కకుండా చూసుకుంటూ తిరిగి చుట్టాము.

తరువాత చదివాను.

నువ్వూ నేనూ నీ పెళ్లి ముందు రోజు పెరట్లో కూర్చుని మాట్లాడుకున్న మాటలు రాశావు. అవి ఎవరి చేతా చదివించుకోలేని మాటలు. రోజుల తరబడి తడుముకోకుండా, మాట మాటగా నాకు నేనే చదివింది రెండేళ్ల తరువాత ఇదే. సుంకమ్మ “ఏం రాసినాదమ్మా?” అంటే “ఏం లేదు, అందరూ క్షేమమంట” అన్నాను.

ఇంకో వింత చెప్పాలి. మొదట సుంకమ్మ మరీ వడిగా తిప్పేది, నేను “ఆగు” అనేలోగా మాట పోయేది. మెల్లగా తిప్పితే నా చూపు స్వామిని వదిలి అక్షరం మీదికి జారేది, అక్షరం మాయం. రెండు రోజులకు ఆమె ఏమి చేసిందో గాని సరిగ్గా నాకు కావలసినంత వేగంతో తిప్పుతూ ఉంది. ఎట్లా అని అడిగాను. “నీ గుడ్లు చూసి తిప్పుతాండానమ్మా. ఒక సోట నిలిచుంటే సదువుతాండావు. జారితే తప్పిపోతాండావు, అప్పుడు కొంచిం బిరబిరా తిప్పుతా. టపటపా కొట్టుకుంటే ఆపుతా” అంది. ఆమెకు అక్షరం రాదు నాగలక్ష్మీ. నా కన్ను చదువుతుంది.

ఇంకొక చుట్ట పంపు. ఈసారి తల ముందు పెట్టి.

రామలక్ష్మమ్మ


ధర్మవరం,
12-5-1965.

వదినా,

కండె సంగతి విని మా ఇంటాయన మూడు రోజులుగా వీధిలో అందరికీ చెబుతున్నారు. సిగ్గుతో గుడికి కూడా తల వంచుకుని పోయి వస్తున్నాను. ఈసారి చుట్ట పైన ‘ఇదే మొదలు’ అని ఎర్రసిరాతో రాశాను.

సుంకమ్మ చెప్పింది నా అట్టముక్క పరీక్షలన్నిటికంటే గొప్పది. మా దగ్గర మంచి నేతగాడు పోగును చూడడు, చేతిని చూడడు, బట్టను చూస్తాడు. అలాంటిదే అనుకుంటాను.

పారాయణం మొత్తం రాసి పంపమంటే రాస్తాను. ఎన్ని నెలలైనా సరే. కానీ ముందు నువ్వు ఒకటి చేయాలేమో అనిపిస్తుంది. ఏమిటో నేను చెప్పను. నీకు తెలుసు.

నాగలక్ష్మి


కంబదూరు,
7-6-1965.

చిరంజీవి నాగలక్ష్మికి,

చెప్పేశాను.

నిన్న గుడి ముందర లక్ష్మన్న, ఇంకా పది మంది కూర్చుని పారాయణం గురించి మాట్లాడుతుంటే సుంకమ్మ చేయి పట్టుకుని పోయాను. అందరి మొహాలూ మసకే కాబట్టి నేల చూడవలసిన పని లేకపోయింది. కన్ను సంగతి చెప్పాను. పోయిన ఏడు నోటికి చెప్పినది, రెండు ఆకులు తిరిగినది, అంతా చెప్పాను.  

వాళ్లలో మొదట పాపన్న లేచాడు. “అంటే పోయినేడు వాన ఈమె ఎగరగొట్టినాది!” అన్నాడు.

సుంకమ్మ ఊరుకోలేదు. “ఏమప్పా పాపన్నా, తొమ్మిది దినాలూ నువ్వు యాడుంటివి? స్తంభానికి ఆనుకొని గురక పెడతా ఉంటివి గదా! ఎద్దులమ్ముకున్యామెను నేను, నేనే ఏమనలేదు, నీదేం పోయింది?”

నవ్వులు వచ్చాయి గాని లక్ష్మన్న నవ్వలేదు. ఆయన మాట తీరు నీకు తెలుసు కదా, రాయి విసిరినట్టుంటుంది. “రామలక్ష్మమ్మా, యా రెండు పుటలు పోయినాయి, చెప్పగలవా?” అన్నాడు. చెప్పాను. “అయితే ఇను. ఎనిమిది దినాలు మావోళ్లు ఎవరైనా కూడబలుక్కొని చదువుతారు. తొమ్మిదో దినం ఆ రెండు పుటలుండే సోటు నువ్వే చదవల్ల. నువ్వు పోగొట్టింది నువ్వే తెచ్చియ్యల్ల. నోటికి కాదు, కంటితో. నేను పక్కన పుస్తకం పెట్టుకొని, ఏలు పెట్టి సరి చూస్తా.”

“పెట్టెలో చదువుతానన్నా” అన్నాను.

“పెట్టెలో సదువు, బుట్టలో సదువు. అక్షరం మాత్రం పోకూడదు.”

అందుకని ఆ రెండు పుటలూ, ముందొక పుట, వెనకొక పుట, మొత్తం నాలుగు పుటలు రాసి పంపు. మీ నాయన నీకిచ్చిన ప్రతీ, నా పుస్తకమూ ఒకే అచ్చు. ఆ పుటల మొదటి పద్యమూ చివరి పద్యమూ ఏవో ఈ కాగితం వెనక రాశాను, పద్యాల లెక్క పెట్టి చూసుకో. నాకు భయంగా ఉంది. అయినా పోయిన ఏడు ఉన్న భయం లాంటిది కాదు. ఇది పరీక్షకు పోయేవాళ్ల భయం.

రామలక్ష్మమ్మ


ధర్మవరం,
26-6-1965.

వదినకు,

ఓబుళేసు చేత ఆరు చుట్టలు పంపుతున్నాను. తలంటుకుని, తడి ఆరకముందే కూర్చుని, రోజుకు కొంత చొప్పున రాశాను. ఒకసారి రాసి, రెండుసార్లు పుస్తకంతో సరి చూశాను. ప్రతి చుట్ట మీద అంకె వేశాను. ఆరో చుట్ట చివర ఖాళీ కాగితం మూరెడు వదిలాను, ఉన్నట్టుండి అయిపోయి నీ కన్ను బెదరకుండా.

ఇక్కడ కూడా వాన లేదు. మబ్బులు వచ్చి చూసి పోతున్నాయి.

తొమ్మిదో రోజు నేను ఉపవాసం ఉంటాను.

నాగలక్ష్మి


కంబదూరు,
16-7-1965.

నాగలక్ష్మీ,

మొన్న తొమ్మిదో రోజు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

గుడి నిండా జనం. పురాణం వినడానికి కాదు, పెట్టె చూడటానికి. పిల్లలు నా ఒళ్లోకి ఎక్కుతుంటే సుంకమ్మ అదిలించింది. లక్ష్మన్న నా పక్కన పుస్తకం తెరిచి, వేలు పెట్టుకుని కూర్చున్నాడు. నేను పెట్టె మీది స్వామి పటం వైపు చూశాను. ఆయన మసకలోకి పోయాడు, కింద మొదటి మాట వచ్చింది.

మొదటి చుట్ట, రెండో చుట్ట, మూడో చుట్ట. సుంకమ్మ నా మొహం ముందర వంగి, రెప్ప వేయకుండా చూస్తూ తిప్పింది. కొన్ని మాటలు తడబడ్డాయి గాని పోలేదు. నాలుగో చుట్ట అయ్యేసరికి పోయిన ఏటి రెండు పుటలూ వచ్చేశాయి. ఒక్కొక్క పద్యం వస్తుంటే, పోయిన పశువు దొడ్లోకి వస్తున్నట్టు ఉంది.

ఐదో చుట్ట నడుమ ఒక పద్యం ముగిసింది. తరువాతి పద్యం ‘అంత’ అని మొదలు కావాలి. అయింది కూడా. కానీ ‘అంత’ తరువాత రావలసిన మాట కాక వేరే మాట వచ్చింది. నా నోరు అప్పటికే అసలు మాట కోసం తెరుచుకుని ఉంది. నోరు ఒక పక్కకు, కన్ను ఒక పక్కకు. ఆగిపోయాను. సుంకమ్మ చేయి ఆగింది.

నీ కాగితంలో ఒక పద్యం లేదు నాగలక్ష్మీ.

ఆ పద్యం నాకు నోటికి వచ్చు. నిద్రలో లేపినా చెబుతాను. చెప్పేసి ముందుకు పోతే ఒక్కరికీ తెలియదు. లక్ష్మన్న పక్కన పుస్తకం ఉంది గాని ఆయన ఏమీ అనలేదు. అర నిమిషం అయి ఉంటుంది. నాకు మాత్రం పోయిన ఏడంతా మళ్లీ జరిగినట్టయింది.

“అన్నా, ఈడ ఒక పద్యం లేదు” అన్నాను.

“యాడ? నేను చూస్తానే ఉండానే!” అన్నాడు. తరువాత కాగితం శబ్దం వినబడింది. ఆయన వేలు వెనక్కి పోయింది, ముందుకు వచ్చింది. “థూ నా కన్ను కాలా! ఉండాదమ్మా, ఉండాది. నేను కూడా కింది దానికి దిగిపోయినా. నీతో పాటే దూకేసినా!”

“నేను దూకలేదన్నా, కాగితం దూకింది” అన్నాను. వెనకాల పాపన్న, “నలుగురు కండ్లు పెట్టుకొని చూస్తాంటే కనపడకపాయ, కన్ను లేనామె పట్టుకున్యాది!” అన్నాడు. మనిషి ఈసారి నిద్రపోలేదు.

“చెప్పేయమ్మా, నీకు నోటికొచ్చు గదా, ఒక్క పద్యమే గదా” అన్నారు ఎవరో. నేను తల అడ్డంగా ఊపాను. “కంటితో చదవల్ల. లక్ష్మన్న చదవనీ” అన్నాను. ఆ పెద్దమనిషి గొంతు సవరించుకుని, బడి వదిలి యాభై ఏళ్లయినవాడు, ఒక్కొక్క అక్షరం కూడగట్టుకుని ఆ పద్యం చదివాడు. ఆ నాలుగు పాదాలకు పట్టినంతసేపట్లో నేను రెండు చుట్టలు ముగించేదాన్ని. ఎవరూ నవ్వలేదు. తరువాత సుంకమ్మ పిడి పట్టుకుంది, నేను చివరి దాకా చదివాను.

లేచేటప్పుడు లక్ష్మన్న నా చేతికి టెంకాయ ఇచ్చి, “వచ్చే సారి నుంచి ఎవరు చదివినా నువ్వు పక్కన కూచోవల్ల. పోయింది పోయినట్లు చెప్పల్ల” అని పోయాడు.

నువ్వు ఉపవాసం విడిచావా? ఒంటికి జాగ్రత్త.

రామలక్ష్మమ్మ


ధర్మవరం,
24-7-1965.

వదినా,

 నా ప్రతి తీసి చూశాను. ఒకదాని కింద ఒకటి రెండు పద్యాలు, రెండూ ‘అంత’ అని మొదలవుతాయి. మొదటి ‘అంత’ రాసి పుస్తకం వైపు చూసేటప్పుడు నా కన్ను రెండో ‘అంత’ మీద వాలింది. రెండుసార్లు సరి చూశానని రాశాను కదా. అబద్ధం కాదు. రెండుసార్లూ అక్కడే దూకింది. మా ఇంటాయనకు ఇచ్చి సరి చూడమన్నాను, ఆయనకూ కనబడలేదు. ఎంత విడ్డూరమో అని ముందు ఆశ్చర్యపోయాను. తరువాత భయం పట్టుకుంది.

నీ కన్నుకు కారణం ఉంది. నా కళ్లు రెండూ బాగున్నాయి. తలంటుకుని, మడి కట్టుకుని రాశాను. అయినా పోగొట్టాను. ఇన్ని రోజులైనా మీ ఊరి మీద చినుకు పడలేదని ఓబుళేసు చెప్పాడు. నా కన్ను దూకినందుకే అయితే ఏం చేయను వదినా? సుంకమ్మకు ఏమని చెప్పను?

నాగలక్ష్మి


కంబదూరు,
30-7-1965.

నా పిచ్చి తల్లీ,

కార్డే రాస్తున్నాను, చోటు తక్కువ. వాన ఇంకా రాలేదు. సుంకమ్మ పొద్దున్నే ఆకాశం చూసి, తిట్టి, కూలికి పోయింది. నిన్ను మాత్రం తిట్టలేదు.

ఒక పద్యం మీద కన్ను దూకిందని ఆకాశం అలగదు. మనుషుల కన్ను ఎంతటిదో, దాన్ని చేసిన స్వామికి తెలియదా? అన్నం తిను.

ఈ రెండు మాటలు నీకు రాయడానికి నాకు నిమిషం పట్టలేదు. నాకు నేను చెప్పుకోవడానికి ఏడాది పట్టింది.

రామలక్ష్మమ్మ